‘హైదరాబాద్-డెక్కన్’ను దిద్దకండి

ప్రశ్న: నమస్తే సర్. మాది మర్రిగూడ వైపు. కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. మా దిక్కు బడి పిల్లల పళ్లలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) మీద థీసిస్ చేసి, అందులోంచి ఒక పేపర్ రాసి జర్నల్‌కు పంపాను. ఆరో రోజే తిరిగొచ్చింది. రివ్యూకు, అంటే నిపుణుల పరిశీలనకు, కూడా పంపలేదట. ‘రిఫరెన్సులు మా పద్ధతిలో లేవు, సరిచేసి పద్నాలుగు రోజుల్లో మళ్లీ పంపండి’ అని రెండు లైన్లు రాశారు. మొత్తం 46 రిఫరెన్సులు. కొన్ని సీనియర్ ఇచ్చిన ఫైల్‌లోవి, కొన్ని నెట్‌లో దొరికినవి. టైపింగ్ నల్గొండలో క్లాక్ టవర్ దగ్గర డీటీపీలో చేయించాను. చివర్లో రెండు మూడు ఏఐని అడిగి తీసుకున్నాను. కామా ఎక్కడ, ఫుల్‌స్టాప్ ఎక్కడ అని చూస్తుంటే తల తిరుగుతోంది. సాఫ్ట్‌వేర్ వాడితే అన్నీ అవే సర్దుకుంటాయా? నమూనాగా ఐదు పంపుతున్నాను, చూడండి. ఇంకొకటి: పేపర్ మీద నా పేరు ఇంటిపేరుతో రాయాలా, లేకుండానా?

సమాధానం: డాక్టరమ్మా, ముందు ఆ టెన్షన్ వదలండి. రివ్యూకు పోకముందే రిఫరెన్సుల కోసం వెనక్కి పంపడం జర్నల్ ఆఫీసుల్లో రోజూ జరిగేదే. పేపర్ వద్దనుకుంటే పద్నాలుగు రోజుల గడువు ఇవ్వరు. ‘సారీ’ అని ఒక్క లైన్ రాసి ఊరుకుంటారు.

మీరు పంపిన ఐదూ ఒక్కొక్కటే తీసి చూశాను. కామాల సంగతి అటుంచండి, ఆ పని సాఫ్ట్‌వేర్ గంటలో చేస్తుంది. ఐదింటికీ లోపల వేరే జబ్బు ఉంది, దానికి సాఫ్ట్‌వేర్ దగ్గర మందు లేదు. అందుకే మీరడిగిన వరుసలో కాకుండా నా వరుసలో చెబుతాను.

మీ రెండో రిఫరెన్స్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే అది మీ జిల్లాది. మీరు రాసింది ఇది: ‘ఏ.హెచ్. సిద్దిఖీ, ఫ్లోరోసిస్ ఇన్ నల్గొండ డిస్ట్రిక్ట్, తెలంగాణ, బ్రిటిష్ మెడికల్ జర్నల్, డిసెంబర్ 1955, పేజీ 1408.’ ఉండాల్సింది ఇలా: ‘సిద్దిఖీ ఏహెచ్. ఫ్లోరోసిస్ ఇన్ నల్గొండ డిస్ట్రిక్ట్, హైదరాబాద్-డెక్కన్. బీఆర్ మెడ్ జే. 1955;2:1408-13.’

రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఇంటిపేరు ముందు, ఆ తర్వాత పొట్టి అక్షరాలు (ఇనీషియల్స్), వాటి మధ్య చుక్కలు లేవు. శీర్షిక తర్వాత చుక్క. జర్నల్ పేరు పొట్టిగా. సంవత్సరం, సెమికోలన్, సంపుటి, కోలన్, పేజీలు. 1408 నుంచి 1413 వరకు అనడానికి ‘1408-13’ చాలు. ఆ ‘2’ ఏమిటి అంటారా? ఆ రోజుల్లో ఆ జర్నల్ సంపుటాలను ఏడాదికి రెండుగా లెక్కపెట్టేది. 1955 రెండో సంపుటి అన్నమాట. సాఫ్ట్‌వేర్‌లోకి లాగితే దాని పక్కన బ్రాకెట్లో 4953 అని సంచిక నంబరు కూడా వస్తుంది. సంపుటి పొడుగునా పేజీ నంబర్లు వరసగా సాగే జర్నల్‌కు నెల, సంచిక నంబరు తీసేసినా ఒప్పుకుంటారు. కానీ ఒకదానికి ఉంచి ఇంకోదానికి తీసేస్తే ఒప్పుకోరు.

ఇక అసలు సంగతి. ‘హైదరాబాద్-డెక్కన్’ను ఎవరో ‘తెలంగాణ’ అని దిద్దారు. మీరో, మీ సీనియరో, డీటీపీ అతనో తెలియదు, ప్రేమతోనే చేసి ఉంటారు. ఆ పేపర్ అచ్చయ్యే నాటికి మనం హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాం. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ అయింది, 2014లో తెలంగాణ వచ్చింది. రాష్ట్రం పేరు ఎన్నిసార్లు మారినా 1955లో అచ్చయిన శీర్షిక మారదు. మీరు దిద్దిన శీర్షికను యథాతథంగా పట్టుకుని వెతికితే ఆ పేపర్ దొరక్కపోవచ్చు. రిఫరెన్స్ అంటే చిరునామా. పోస్ట్‌మన్ ఆ ఇంటికి చేరాలి.

జిల్లా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీ ఇంట్రడక్షన్‌లో నల్గొండ జిల్లా జనాభా అని 2011 జనగణన అంకె వేసి ఉంటారు, మన దిక్కు థీసిస్‌లన్నింటిలో అదే ఉంటుంది. 2016 అక్టోబర్‌లో జిల్లా మూడు ముక్కలైంది: నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. 2011 అంకె ఉమ్మడి జిల్లాది. పాత పేపర్ల ‘నల్గొండ జిల్లా’ కూడా అంతే. రిఫరెన్స్ ముట్టుకోకండి. మీ వాక్యంలో మాత్రం ‘ఉమ్మడి నల్గొండ’ అనే అర్థం వచ్చేలా ఒక మాట చేర్చండి.

మీ మొదటి రిఫరెన్స్. ఫ్లోరోసిస్ మీద మన దేశంలో పేపర్ రాసేవాళ్లంతా మొదలుపెట్టేది ఇక్కడే: 1937, నెల్లూరు, షార్ట్ అనే ఆయన పేపర్. అయితే షార్ట్ 1937లో రాసినవి రెండున్నాయి. ఒకటి పండిట్, రాఘవాచారిలతో కలిసి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాసింది: 72వ సంపుటి, 396-8 పేజీలు. రెండోది మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్‌లతో మద్రాస్ ప్రెసిడెన్సీ గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాసింది: 25వ సంపుటి, 553-68 పేజీలు. మీ దాంట్లో మొదటి పేపర్ రచయితలు, రెండో పేపర్ జర్నల్, మొదటి పేపర్ పేజీలు ఉన్నాయి. రెండు ఇళ్ల తలుపులు తెచ్చి ఒక గుమ్మానికి బిగించినట్టుంది.

ఈ పొరపాటు మీరు చేసింది కాదని నాకు తెలుసు. సీనియర్ ఫైల్ నుంచి వచ్చింది, ఆ సీనియర్‌కు ఇంకో సీనియర్ నుంచి. ఇలా చెప్పడానికి నాకు నైతిక హక్కు కూడా లేదనుకోండి. నా మొదటి పేపర్‌లో ఒక పేజీ నంబరును ఇంకొకరి జాబితా నుంచి దించుకున్నాను, అసలు పేపర్ మొహం చూడలేదు. 123కు బదులు 132. కొన్నేళ్ల తర్వాత ఒక స్టూడెంట్ థీసిస్ దిద్దుతుంటే అదే 132 కనిపించింది. ఎక్కడ దొరికిందమ్మా అని అడిగితే ‘మీ పేపర్‌లోనే సర్’ అన్నది. పాలమూరు ఎండలో కూడా నాకు చెమట చల్లబడింది ఆ రోజు.

ఇంకో తమాషా ఏమంటే షార్ట్ గెజిట్ పేపర్, సిద్దిఖీ పేపర్ రెండూ పబ్‌మెడ్ సెంట్రల్ అనే వైద్య పేపర్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, స్కాన్ చేసిన పాత పేజీలతో సహా. తెరిచి చదవండి. మీ ఊరి నీళ్ల గురించి అంత కాలం కిందట ఎవరో రాసింది చదవడంలో ఉన్న సుఖం వేరు.

మూడోది, డీన్స్ ఇండెక్స్, అంటే పళ్ల మీద ఫ్లోరోసిస్ ఎంత ముదిరిందో చెప్పే కొలమానం. మెథడ్స్‌లో దీనికి 1934 పేపర్ చూపించారు. మీ రెండో టేబుల్‌లో గడులు ఆరున్నాయి: నార్మల్, క్వశ్చనబుల్, వెరీ మైల్డ్, మైల్డ్, మోడరేట్, సివియర్. 1934లో డీన్ పెట్టినవి ఏడు, అందులో ‘మోడరేట్లీ సివియర్’ వేరుగా ఉండేది. దాన్ని సివియర్‌లో కలిపి ఆరుకు తెచ్చింది 1942లో. మీరు వాడింది 1942 నాటిది, చూపించింది 1934 నాటిది. డెంటల్ వైపు రివ్యూయర్ ఎవరైనా ఉంటే మొదట పట్టుకునేది ఇదే. ఆ 1942 రచన జర్నల్ పేపర్ కాదు, ‘ఫ్లోరిన్ అండ్ డెంటల్ హెల్త్’ అనే పుస్తకంలో ఒక అధ్యాయం. పుస్తకంలో అధ్యాయానికి అచ్చు వేరేగా ఉంటుంది: అధ్యాయం రాసినవారు, అధ్యాయం పేరు, ‘ఇన్’ అని పెట్టి సంపాదకుడి పేరు (ఇక్కడ మౌల్టన్ ఎఫ్‌ఆర్), పుస్తకం పేరు, ప్రచురణ స్థలం, ప్రచురణ సంస్థ, సంవత్సరం, చివర పేజీలు. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ‘జర్నల్ ఆర్టికల్’ అని వేస్తే పుస్తకం పేరు పెట్టడానికి గడే ఉండదు. ‘బుక్ సెక్షన్’ అని మార్చుకోండి.

నాలుగోది డబ్ల్యూహెచ్‌ఓది. ఇందులో రెండు తప్పులున్నాయి, ఒకటి నవ్వు తెప్పించేది, ఒకటి కాదు. నవ్వు తెప్పించేది మీ జాబితాలో రచయిత పేరు ‘ఆర్గనైజేషన్ డబ్ల్యూహెచ్’ అని ఉండటం. అంటే మీరప్పటికే రిఫరెన్సులు సర్దే సాఫ్ట్‌వేర్ ఏదో, జొటెరోనో మెండెలీనో, తాకి చూశారు! సంస్థ పేరును మనిషి పేరు అనుకుని చివరి మాటను ఇంటిపేరు చేసి, ముందున్నవాటిని పొట్టి అక్షరాలు చేసింది. జొటెరోలో రచయిత గడి పక్కన చిన్న గుర్తు ఉంటుంది, అది నొక్కితే రెండు గడులు ఒకటవుతాయి. అందులో సంస్థ పేరు మొత్తం రాయండి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) రిపోర్టు వాడి ఉంటే దాన్ని తెచ్చే ముంబై సంస్థ పేరుకు కూడా ఇదే గతి పట్టి ఉంటుంది, చూసుకోండి.

నవ్వు రానిది ఇది: ‘డబ్ల్యూహెచ్‌ఓ ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటరాదు’ అని రాశారు. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది 1.5. ఆ 1.0 మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లోది. అందులోనూ ఆమోదయోగ్యమైన హద్దు 1.0, వేరే నీటి వసతి లేనప్పుడు సరిపెట్టుకోగల హద్దు 1.5. మీ పేపర్‌లో ఎన్ని బోర్లు ‘హద్దు దాటినవి’ అనే లెక్క దీని మీదే ఆధారపడి ఉంది కదా. ఏ హద్దు వాడారో తేల్చుకుని, ఆ హద్దు ఎవరిదో వాళ్లకే రిఫరెన్స్ ఇవ్వండి. డబ్ల్యూహెచ్‌ఓ మాటను ఏదో కాలేజీ పేపర్ నుంచి ఎత్తి ఆ పేపర్‌కు నంబరు వేయడం మన దగ్గర మామూలైపోయింది. నేరుగా గైడ్‌లైన్ తెరవండి, ఏ ఎడిషనో రాయండి. నాలుగో ఎడిషన్ 2011లో వచ్చింది, దానికే చేర్పులతో 2017లోనూ 2022లోనూ మళ్లీ తెచ్చారు. వెబ్‌సైట్ నుంచి తీసుకుంటే మీరు చూసిన తేదీ, లింకు రెండూ ఉండాలి. లింకు ఒక్కటే పడేస్తే అది రిఫరెన్స్ కాదు.

ఐదోదాని దగ్గరికి చివర్న వస్తాను. ముందు సాఫ్ట్‌వేర్.

జొటెరో ఉచితం, అది చాలు. డబ్బు పెట్టి ఎండ్‌నోట్ కొనకండి. పేపర్ల డీఓఐ నంబరో (ప్రతి పేపర్‌కూ ఇచ్చే శాశ్వత గుర్తింపు) పబ్‌మెడ్ నంబరో ఇస్తే వివరాలు అదే లాక్కుంటుంది. వర్డ్‌లో చేతితో వేసిన నంబర్లన్నీ తీసేసి దాంతో మళ్లీ పెట్టండి, ఒక సాయంత్రం పని. ఎందుకంటే మెడికల్ జర్నళ్లు వాడే వాంకోవర్ పద్ధతిలో నంబర్లు పేపర్‌లో మొదటిసారి కనిపించిన వరుసలో పోవాలి, అదే రిఫరెన్స్ మళ్లీ వస్తే పాత నంబరే వాడాలి. రేపు రివ్యూయర్ ఒక పేరా పైకి జరపమంటే 46 నంబర్లూ చేతితో ఎలా మారుస్తారు? టేబుల్‌లో మాత్రమే వచ్చే రిఫరెన్సుల దగ్గర జాగ్రత్త. టేబుల్ ఫైల్ చివర్న ఉన్నా, టెక్స్ట్‌లో ఆ టేబుల్ పేరు మొదట ఎక్కడ చెప్పారో అక్కడి వరుసే దానిది. ఇది సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

సాఫ్ట్‌వేర్ వదిలేసే ఇంకో రెండు. జర్నల్ పొట్టి పేరు గడి ఖాళీగా ఉంటే పూర్తి పేరు వేసేస్తుంది. పొట్టి పేర్లు మన ఇష్టం కాదు, అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగ్‌లో ఉన్నట్టే రాయాలి. ‘లాన్సెట్’ లాంటి ఒక్క మాట పేర్లను పొట్టి చేయరు. రెండోది శీర్షికలో పెద్ద అక్షరాలు. మొదటి మాటకూ ఊళ్లూ మనుషుల పేర్లకూ తప్ప మిగతావన్నీ చిన్న అక్షరాలు ఉండాలి. కొన్ని వెబ్‌సైట్ల నుంచి లాగితే ప్రతి మాటా పెద్ద అక్షరంతో వస్తుంది. దాన్ని మొత్తంగా చిన్నది చేస్తే నల్గొండ కూడా చిన్న ‘ఎన్’ అయిపోతుంది. కంటితో చూడాల్సిందే.

ఇక మీ టెన్షన్ మొత్తం ఉన్న చోటు: చుక్కలు, కామాలు, నంబరు బ్రాకెట్లోనా, గీత పైనా, ఫుల్‌స్టాప్‌కు ముందా, తర్వాతా. దీనికి నా జవాబు చిన్నది. ఆ జర్నల్ ‘రచయితలకు సూచనలు’ పేజీ, గత రెండు నెలల్లో అందులో వచ్చిన ఒక పేపర్ ప్రింట్ తీసి పక్కన పెట్టుకోండి, అచ్చం అలాగే చేయండి. 1978లో కెనడాలోని వాంకోవర్‌లో కొందరు మెడికల్ జర్నల్ ఎడిటర్లు కూర్చుని అందరికీ ఒకే పద్ధతి ఉండాలని మొదలుపెట్టారు, ఆ పేరు అలా నిలిచింది. పేరు ఒకటే అయినా జర్నల్‌కొక అలవాటు. ఆరుగురు రచయితల వరకు రాసి ఆపైన ‘ఎట్ ఆల్’ (తదితరులు) అనేవి ఎక్కువ. ముగ్గురి తర్వాతే ఆపమనేవీ ఉన్నాయి. జొటెరోలో పదివేలకు పైగా స్టైల్స్ ఉన్నాయి, మీ జర్నల్ పేరుతోనే ఉందేమో ముందు వెతకండి.

పాత పేపర్లు వెతికేటప్పుడు ఊరి పేర్ల స్పెల్లింగ్ మార్చి మార్చి చూడండి. మా మహబూబ్‌నగర్‌ను ఇంగ్లిష్‌లో ‘హెచ్’ తర్వాత ‘ఏ’ పెట్టి కొందరు రాస్తారు, పెట్టకుండా కొందరు రాస్తారు. ఒకటి కొడితే రెండోది రాదు.

పంపే ముందు ఫైల్ ఒక కాపీ తీసి, ఆ కాపీలో సైటేషన్లను ‘అన్‌లింక్’ చేసి మామూలు టెక్స్ట్‌గా మార్చి పంపండి. అసలు ఫైల్ అలాగే దాచుకోండి, రివ్యూ తర్వాత దానితోనే పని. జొటెరోలో ఏ పేపర్ మీదైనా ఎర్రగా ‘రిట్రాక్ట్’ అని కనబడితే ఆగండి. అది జర్నల్ వెనక్కి తీసుకున్న పేపర్.

ఇప్పుడు ఐదోది. 2018లో నల్గొండ జిల్లా పిల్లల మీద స్టడీ అని మీరు రాసినది. జర్నల్ నిజమైనదే, సంపుటి నిజమైనదే. ఆ పేజీలు తెరిస్తే అక్కడ బీపీ మందుల గురించి ఒక పేపర్ ఉంది. మీరిచ్చిన శీర్షిక పబ్‌మెడ్‌లో లేదు, గూగుల్ స్కాలర్‌లో లేదు, ఆ జర్నల్ వెబ్‌సైట్‌లోనూ లేదు. ఇది ఏఐ ఇచ్చిందే అనుకుంటున్నాను. దానికి వినడానికి బాగుండే శీర్షిక అల్లడం వచ్చు, నమ్మేలా పేజీ నంబర్లు వేయడం వచ్చు. ఆ పేపర్ ఉందా లేదా అని మాత్రం చూడదు.

ఫార్మాట్ బాగా లేదని వెనక్కి పంపిన ఆ ఆఫీసు మీకు మేలు చేసింది. ఇది రివ్యూయర్ కంటబడి ఉంటే కథ వేరే ఉండేది. లేని పేపర్‌ను చూపించడం కామా తప్పులాంటిది కాదు, గైడ్‌ను పిలిచి అడిగే వ్యవహారం. ఏఐని అడిగి తీసుకున్న మిగతావాటిని కూడా ఈ రాత్రే తీసి చూడండి. దొరకకపోతే తీసేయండి. ఇక ఈ ఐదోదాని మీద డిస్కషన్‌లో ఏ వాక్యం నిలబెట్టారో ఆ వాక్యం కూడా తీసేయాలి. దాన్ని ఉంచేసి వేరే రిఫరెన్స్ తెచ్చి అతికించకండి. మీ దగ్గర మీరు తిరిగిన బడుల డేటా ఉంది, అదే చెప్పుకోండి.

పద్నాలుగు రోజుల్లో మొదటి వారం అంతా 46 పేపర్లు ఒక్కొక్కటే తెరవడానికి పెట్టుకోండి. రోజుకు ఆరేడు. కనీసం అబ్‌స్ట్రాక్ట్, మీరు వాడిన అంకె ఉన్న పేజీ చూడండి. పది పన్నెండు రాలిపోతాయి, రాలిపోనివ్వండి. డీటీపీ అతనికి మళ్లీ ఇవ్వకండి. ఆయన తప్పేం లేదు పాపం, పెళ్లి కార్డులు, టీసీ అప్లికేషన్ల మధ్య మీ షార్ట్ 1937ను టైప్ చేశాడు.

మీ పేరు సంగతి. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లది చివర ఉంటుంది, అందుకే ఈ గొడవ. బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఫాస్ఫరస్‌కు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి చేసే ఉంటారు. ఆ 1925 పేపర్ ప్రపంచమంతా ‘ఫిస్కే సీహెచ్, సుబ్బారో వై’ అని రాస్తుంది. ఆ ‘వై’ యల్లాప్రగడ, ఆయన ఇంటిపేరు! ఇంటిపేరు పొట్టి అక్షరమైంది, సొంత పేరు ఇంటిపేరైంది. దానివల్ల ఆయనకేమీ నష్టం కాలేదు, ఎందుకంటే అందరూ ఒకే తీరుగా రాశారు. కాబట్టి ఇంటిపేరు ముందా వెనకా అన్నది మీ ఇష్టం. ఒక్కసారి నిర్ణయించుకుని ప్రతి పేపర్‌లో అదే స్పెల్లింగ్‌తో, అదే వరుసలో రాయండి. జర్నల్ ఫారంలో ‘లాస్ట్ నేమ్’ గడిలో ఏది పడితే అదే మీ ఇంటిపేరుగా పబ్‌మెడ్‌లోకి పోతుంది, కనుక అక్కడ పొట్టి అక్షరం ఒక్కటే పెట్టకండి. ఓఆర్‌సీఐడీ అని 16 అంకెల నంబరు ఉచితంగా ఇస్తారు. రెండు నిమిషాల పని, మళ్లీ పంపే ముందే తీసుకోండి. రేపు పెళ్లయ్యాక పేరు మార్చుకున్నా మార్చుకోకపోయినా, మీ పేపర్లన్నీ ఆ నంబరు కిందే ఉంటాయి.